నాలుగు చేతుల వేగం

అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో ఇమడటమే గొప్ప అంటారు. మేమిద్దరం ఒకే ఇంట్లో పడుకుని లేచి, ఒకే ఫ్యాక్టరీకి నడిచి, ఆ వానాకాలమంతా ఒకే మిషన్ దగ్గర భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. మీకెప్పుడూ గొడవలు రావా అని అడిగేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. గొడవ పడాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

మాది అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ. నాది పంచింగ్ మిషన్. రెండు పెద్ద ఇనుప పలకలుంటాయి దానికి, మేం వాటిని దవడలంటాం. దవడ తెరుచుకున్నప్పుడు కుడిచేత్తో అట్ట షీటు లోపల పెట్టాలి. మూసుకుంటే లోపలి బ్లేళ్ళు దాన్ని పెట్టె ఆకారానికి కోస్తాయి. మళ్ళీ తెరుచుకోగానే ఎడంచేత్తో కోసిన షీటు లాగేసి, కుడిచేత్తో కొత్తది పెట్టాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. ఆ మిషన్ మా మామగారి కన్నా వయసులో పెద్దది. ఆయన పోయినా అది మాత్రం ఇంకా నములుతూనే ఉంది.

అప్పట్లో దాంతో బతకడం పెద్ద కష్టంగా ఉండేది కాదు. కాలి కింద పెడల్ ఉండేది. ముక్కు దురద పెట్టినా, పక్కామెతో ఒక ముక్క చెప్పాలన్నా పెడల్ మీద కాలేస్తే దవడ నోరు తెరుచుకుని ఆగేది. ఇంకో అలవాటు కూడా ఉండేది మాకు. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, పని పలచగా ఉన్నవాళ్ళు వచ్చి ఎడంపక్కన నిలబడి కోసిన షీట్లు లాగిపెట్టేవాళ్ళు. దాన్ని చెయ్యి వేయడం అనేవాళ్ళం. ఎవరూ నోరు తెరిచి అడిగేవాళ్ళు కాదు. మొహం చూసి వచ్చేవాళ్ళు, మొహం తేటపడ్డాక వెళ్ళిపోయేవాళ్ళు.

అత్తయ్యది వెనక బల్ల దగ్గర పని. కోసిన షీట్ల అంచులకి వేలాడే ముక్కల్ని చేత్తో దులిపి పారేయాలి. ఆ ఏడు వానలు పడేలోగా పని మానేసి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలని ఆవిడ ఖాయం చేసుకుంది. చెల్లెలూ ఒంటరిదే. రావే, ఇద్దరం కలిసి ముసలివాళ్ళం అవుదాం అని ఏళ్ళ తరబడి పిలుస్తోంది. "సైరన్ వినకుండా నిద్ర లేవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలమ్మాయ్" అనేది అత్తయ్య. అంతకు మించి ఆవిడ ఏదైనా కోరుకోగా నేను వినలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఇంజనీరమ్మ వచ్చింది. మనిషి నడివయసు దాటింది. మెడలో తాడుకి కళ్ళద్దాలు వేలాడుతుండేవి. ఎవరికీ పురమాయించకుండా తనే మిషన్ కిందికి దూరి మసి పూసుకుని లేచేది. అందుకే మాకు నచ్చింది. పాత మిషన్లని పారేయరట, ఒళ్ళు అలాగే ఉంచి తెలివి మాత్రం కొత్తది పెడతారట. మోటారు మార్చింది. పక్కన చిన్న తెర ఉన్న పెట్టె బిగించింది. దాని మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు పెట్టింది. దవడ ముందు కంటికి కనిపించని వెలుగు గీత ఒకటి సాగదీసింది. ఆ గీత దాటి చెయ్యి లోపల ఉంటే దవడ మూసుకోదు. షీటు ఒకటి పెట్టి, దాని మీద తన చేతినే ఉంచి చూపించింది. దవడ ఆగిపోయింది. "ఇక మీదట ఇక్కడ ఎవరి వేళ్ళూ పోవు" అంది. వేళ్ళు పోయిన వాళ్ళు మా షెడ్డులోనే ఉన్నారు. వాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి చూశారు. ఉన్నమాట చెప్పాలి, ఆ రోజు మాకందరికీ సంతోషంగానే ఉంది.

ఇక కొన్ని వారాలపాటు పెట్టె మమ్మల్ని చూస్తుందట. ఎవరి చేతి వేగం ఎంతో నేర్చుకుంటుందట. ఆమె చెప్పింది అంతే. దానికి తాళింపు పెట్టింది మా సూపర్‌వైజర్. ఆయన అసలు పేరు మేం మర్చిపోయి చాలా కాలమైంది, ఎంత చేసినా ఇంకాస్త, ఇంకాస్త అంటాడు కాబట్టి ఇంకాస్త గారు అనేవాళ్ళం. ఈ వారాల్లో వెనకబడ్డవాళ్ళు మిషన్ మీద ఉండరని ఆయన అందరి చెవినా వేశాడు. మా దగ్గర మిషన్ దిగినవాళ్ళు గేటు దాటడానికి ఎక్కువ రోజులు పట్టదు.

సరిగ్గా అప్పుడే నా ఎడమ మణికట్టు వాచింది. షీటు పట్టుకుని లాగితే మోచేతి దాకా గుంజేది. నేను ఎవరితోనూ అనలేదు. అత్తయ్య తన బల్ల దగ్గర్నుంచి చూసింది. బల్ల మీది గుట్ట గబగబా దులిపేసి వచ్చి నా ఎడంపక్కన నిలబడింది. వద్దంటే, "అది నిన్ను చూస్తుంది గానీ నన్ను చూడదులే" అంది. నిజమే. పెట్టెలో దూర్చిన కార్డు నాది, దాని లెక్కలో అక్కడున్నది నేనొక్కదాన్నే. నేను పెట్టడం, ఆవిడ లాగడం. దవడ తెరుచుకునేసరికి రెండు పనులూ ఒకేసారి అయిపోయేవి. ఇంకాస్త గారు చూసి కూడా చూడనట్టు పోయేవాడు. మిగతావాళ్ళకి అందులో వింతేమీ కనిపించలేదు. ఎప్పుడూ ఉండేదే కదా. మేమంతా అదొక పరీక్ష అనుకున్నాం. గట్టెక్కితే చాలు, తర్వాత మన పని మనది అనుకున్నాం.

ఆ వారాలు ముగిశాక గోడ మీద పెద్ద తెర వెలిగించారు. అన్నిటికంటే పైన నా మిషన్ ఉంది, పచ్చగా. చప్పట్లు కొట్టారు. ఇంజనీరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది, అదీ వాచిన చెయ్యి. ప్రాణం పోతున్నా పళ్ళికిలించాను.

మర్నాటి నుంచి మిషన్ ఆ వేగానికే తిరిగింది.

అత్తయ్య తన బల్లకి వెళ్ళిపోయింది. నేను షీటు పెట్టాను, దవడ మూసుకుంది, తెరుచుకుంది. కోసింది లాగేసరికి మళ్ళీ మూసుకోబోయి, వెలుగు గీతలో నా చెయ్యి ఉందని ఆగింది. పసుపు దీపం వెలిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పసుపు. పెడల్ తొక్కితే, ఎందుకు ఆపారు అని తెర అడిగింది. కరెంటు లేదా, సరుకు లేదా, రిపేరా అని మూడు కారణాలిచ్చింది. మనిషి చెయ్యి నొప్పి అందులో లేదు. నొక్కడానికి ఏమీ లేక నిలబడిపోయాను. నాలుగు చేతుల వేగాన్ని రెండు చేతులతో అందుకోవాలి, అదీ ఒకటి వాచింది. ఇంకాస్త గారు వచ్చి నిన్నటిదాకా బాగానే ఉన్నావే అన్నాడు. ఆయన వెనకే అత్తయ్య వచ్చింది. నా పక్కన నిలబడి చెయ్యి చాచింది. దీపం పచ్చబడింది.

అలా వచ్చిన మనిషి ఇక వెనక్కి పోలేదు. తన బల్ల పని పొద్దున్నే ముందొచ్చి కొంత, అందరూ వెళ్ళాక కొంత చేసుకునేది. ఈ వారం చూసి వెళతాను అంది. వచ్చే వారం అంది. నీ చెయ్యి కుదుటపడ్డాక అంది. మణికట్టుకి విశ్రాంతి ఉంటేగా కుదుటపడటానికి. ఇంతలో వానలు దిగాయి. తడిగాలికి షీట్లు మెత్తబడి, అంచులు వంకర తిరిగి, ఒకదానికొకటి అతుక్కునేవి. ఎండరోజుల్లో నేర్చుకున్న మిషన్‌కి వాన సంగతి తెలియదు. అది తన దోవన తను తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేది. ఇంకెవరినైనా చెయ్యి వేయమందామా అంటే, ఎవరి మిషన్ వాళ్ళ మెడ మీదే ఉంది. తల తిప్పి పక్కామె మొహం చూసే వీలు ఎవరికీ లేదు. ఆ అలవాటు మా షెడ్డులో ఆ వానల్లోనే పోయింది. పోయిందని కూడా ఎవరం గమనించలేదు.

ఇంట్లో ఇంకో చిత్రం. ఇదివరకు రాత్రి అన్నాల దగ్గర ఆవిడ తన బల్ల కబుర్లు, నేను నా మిషన్ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు చెప్పుకోవడానికి ఏముంది? ఆవిడ చూసిందే నేనూ చూశాను. గోడకి ఆనుకుని కూర్చుని తినేసి, గిన్నెలు కడిగి, ఒకే గదిలో పక్కపక్కన పడుకునేవాళ్ళం. నిద్రలో ఆవిడ కుడిచెయ్యి ముందుకి వెళ్ళి వెనక్కి వచ్చేది. ఆవిడ నా మూలంగా ఇరుక్కుందనీ తెలుసు, ఆవిడ లేకపోతే నేను నిలవలేననీ తెలుసు. పొమ్మనే ధైర్యం లేదు, ఉండమనే మొహం లేదు.

మా ఆయన లారీ డ్రైవరు. వారానికొకసారి ఇంటికొచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, మీరిద్దరూ కలిసిపోయి నన్ను వెలేశారా ఏంటి అనేవాడు. సంగతి చెబితే, లారీకీ అలాంటి పెట్టె ఒకటి బిగించారనీ, దారిలో టీ తాగితే ఓనరుకి ముందు తెలుస్తుందనీ, మన ఇంటి మీద పెట్టెలు పగబట్టాయనీ నవ్వించాడు. నవ్వించి, నిద్రపోయి, మళ్ళీ లారీ ఎక్కేశాడు. చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్య గొంతు హుషారుగా పెట్టుకుని, వానలు తగ్గనీ వస్తా అనేది. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ ఫోన్ వైపే చూసేది. తర్వాత్తర్వాత చెల్లెలు ఫోన్ చేయడం తగ్గించింది.

వానాకాలం నడుమ ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చింది, పెట్టెలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి. వెనక మోటార్ల గదిలో ఒంటరిగా దొరికింది. ఇక తాడో పేడో తేల్చుకుందామని వెళ్ళాను.

"మేడమ్, ఆ వేగం నాది కాదు" అన్నాను.

"మరెవరిది?"

"నాదీ, మా అత్తయ్యదీ. మీ పెట్టె నేర్చుకున్నన్నాళ్ళూ షీట్లు లాగింది ఆవిడే. నాకు చెయ్యి బాగోలేదు."

ఆమె కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. "చెయ్యి బాగోలేదని నాతో చెప్పాల్సింది కదా" అంది. ఇక్కడ చెప్పక్కర్లేదు మేడమ్, చూసి వస్తారు అన్నాను. ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. కంపెనీకి వేరే ఊళ్ళలోనూ ఫ్యాక్టరీలున్నాయట, అక్కడా ఇవే పాత మిషన్లట. నా అంకె పైవాళ్ళకి తెగ నచ్చిందట. అక్కడ నేర్చుకునేదాకా ఆగకుండా నా వేగమే తీసుకెళ్ళి పెట్టేశారట.

నేనెన్నడూ చూడని ఎవరెవరో ఆడవాళ్ళు నా వేగంతో, మా అత్తయ్య చెయ్యి లేకుండా పని చేస్తున్నారు. ఇక్కడా, అక్కడా కూడా మార్చమన్నాను. అక్కడివాళ్ళు అడిగితే మార్చగలనంది. వాళ్ళకి ఎలా తెలుస్తుంది అంటే తల అడ్డంగా ఊపింది. ఆమె చేతిలోనూ అన్నీ లేవని అప్పుడర్థమైంది.

"తడికి షీట్లు మెత్తబడ్డాయని చెప్పి నీ మిషన్‌కి మళ్ళీ ఒక్కరోజు నేర్పిస్తాను. ఒక్కసారే చేయగలను. ఆ రోజు నువ్వొక్కదానివే ఉండాలి" అంది. వెళ్ళబోతూ ఆగి, ఆ వెలుగు గీత దవడకి ముందువైపే ఉంటుందనీ, పక్కనుంచి వచ్చే చెయ్యి దానికి కనిపించదనీ చెప్పింది. ఇన్నాళ్ళూ పక్కనుంచి ఆవిడ చెయ్యి అంటూ మొదలుపెట్టి, మాట పూర్తి చేయలేకపోయింది.

ఆ రాత్రి అత్తయ్యకి చెప్పాను. వెలుగు గీత సంగతి విని, నేనేమన్నా చిన్నపిల్లనా అని తేలిగ్గా తీసేసింది గానీ మిగతాదంతా ఆవిడకి పండగలా అనిపించింది. ఆ రోజంతా గడియ పెట్టుకుని ఇంట్లోనే పడుకుంటానంది. అప్పటికప్పుడు చెల్లెలికి ఫోన్ చేసి ఈసారి ఖాయంగా వస్తున్నానని చెప్పింది. గొంతు హుషారుగా పెట్టుకోవాల్సిన పని పడలేదు.

ఆ రోజు వచ్చింది. మిషన్ దగ్గర నేనొక్కదాన్నే. వేగం నా చేతికే వదిలేశారు. నిదానంగా, నా ఓపిక కొద్దీ, షీటు పెట్టి లాగి, పెట్టి లాగి చేస్తున్నాను. ఎన్నాళ్ళకో మిషన్ నాకోసం ఆగుతోంది. పక్కన జాగా ఖాళీగా ఉంటే తల అటే తిరిగేది. మధ్యాహ్నానికి మణికట్టు మళ్ళీ ఎక్కువైంది. ప్రతి షీటుకీ పళ్ళ బిగువున లాగుతున్నాను. అయినా లోపల ఎక్కడో సంతోషంగా ఉంది, ఈ పూట గడిస్తే ఇద్దరం బయటపడతాం అని.

తల ఎత్తేసరికి అత్తయ్య వెనక బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వాన వెలిసిందనీ, ఇంట్లో తోచలేదనీ, ఊరికే కూర్చుని వెళతాననీ సైగ చేసింది. కళ్ళు మాత్రం నా చేతి మీదే ఉన్నాయి. తడి షీటు ఒకటి దవడకి అతుక్కుంది. లాగబోతే చెయ్యి జివ్వుమని నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. అంతే, ఎడంపక్కనుంచి చెయ్యి వచ్చి ఆ షీటు లాగేసింది. తర్వాతది కూడా లాగింది. తెర మీద అంకె పెరగడం మొదలుపెట్టింది.

"వద్దత్తయ్యా, ఇవాళ వద్దు" అన్నాను.

"ఉండవే. చూస్తూ కూర్చోమంటావా? ఊరు ఎక్కడికీ పోదు. చెల్లెలికి రావట్లేదని చెప్పేస్తా. ఈ చేత్తో నిన్నొదిలి నేనెక్కడికీ కదలను" అంది, ఇంకో షీటు లాగుతూ.

ఆ చెయ్యి ఎంత హాయిగా ఉందో నాకు తెలుసు. ఇంకో పది షీట్లు అలా సాగితే మళ్ళీ ఎన్నేళ్ళు సాగుతుందో కూడా తెలుసు. దవడ మూసుకుంటోంది, ఆవిడ వేళ్ళు అప్పుడే బయటికి వస్తున్నాయి. నేను ఎర్ర బటన్ కొట్టాను. మిషన్ ఆగింది. షెడ్డులో తలలన్నీ మావైపు తిరిగాయి.

"మీ చెయ్యి పడబట్టే మనకీ గతి పట్టింది. మిమ్మల్నెవరు రమ్మన్నారు? ఇక నా పక్కన నిలబడొద్దు. వెళ్ళండి" అన్నాను.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కోపంలో అన్నానని సరిపెట్టుకునేదేమో. ఆవిడ నన్ను చూసింది, తర్వాత తన చేతుల్ని చూసుకుంది. రెండు చేతులూ ఒకదానితో ఒకటి దులుపుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఇంకాస్త గారు కూడా పక్కకి తప్పుకుని దారిచ్చాడు. నేను తెర మీద రిపేరు అని నొక్కి, మళ్ళీ మొదలుపెట్టాను. కళ్ళు మసకేస్తున్నా సాయంత్రం దాకా ఒక్కదాన్నే చేశాను.

మర్నాడు మిషన్ నా వేగానికి దిగింది. ఇంటి దగ్గర అత్తయ్య మూట కట్టేసుకుంది. బయల్దేరేదాకా ఆ రెండు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కావాల్సినవన్నీ ఆ వారం ఇంటికొచ్చిన కొడుకుతోనే చెప్పించుకుంది. ఇద్దరి మధ్యా ఏమైందో చెప్పమని ఆయన అటూ ఇటూ తిరిగి అడిగాడు. ఏం లేదంది ఆవిడ. నేనూ అదే అన్నాను.

బస్టాండులో సన్నగా జల్లు పడుతోంది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. కిటికీ తెరిచే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది ఆవిడ. ఆ మాట మనసులోంచి అనలేదత్తయ్యా అంటే చాలు. నేనావిడని ఎరుగుదును, మూట అక్కడే వదిలేసి బస్సు దిగిపోతుంది. దిగి, నా చెయ్యి పట్టుకుని వాపు చూసి, మళ్ళీ పొద్దున్నే సైరన్‌కి లేస్తుంది. కాబట్టి పెదాలు బిగించి నిలబడ్డాను. బస్సు కదిలింది. ఆవిడ ఇటు చూడలేదు. ఇంటికొచ్చే దారిలో మా ఆయన, మా అమ్మనేమన్నావు అని ఇంకోసారి అడిగాడు. వెళ్ళమన్నానని చెప్పాను. ఆయన మళ్ళీ లారీ ఎక్కేదాకా నాతో సరిగా మాట్లాడలేదు.

నా మణికట్టు చలికాలానికి చాలావరకు తగ్గింది. ఇంజనీరమ్మని మళ్ళీ చూడలేదు. వేరే ఊళ్ళ మిషన్ల సంగతి ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు.

అత్తయ్య మాత్రం చెల్లెలి దగ్గర ఒళ్ళు చేసిందట. పొద్దెక్కాక లేస్తుందట. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వచ్చే పోయే వాళ్ళని కూర్చోబెట్టి, కోడలు నలుగురిలో ఎలా గెంటేసిందో మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఏడుస్తూ, మళ్ళీ నవ్వుతూ, గంటలకొద్దీ చెబుతుందట. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళు నా దగ్గరికొచ్చి, నీ గురించి ఇలా చెప్పుకుంటోంది, ఊరుకుంటావా అని అడుగుతారు.

చెప్పుకోనీ అంటాను. అంతసేపు కూర్చుని చెప్పుకోగలుగుతోంది, నాకది చాలు.